బుడ్డల మూట, బీన్సు డబ్బా

నాయన కాలి మీద బొటనవేలు నొక్కి చూడటంతో ఆ ఏడు నా పొద్దు మొదలయ్యేది. చీలమండకు కాస్త పైన, ఎముక తగిలే చోట గట్టిగా నొక్కి, వేలు తీసి, గుంట పడిందా లేదా అని చూడాలి. పడకపోతే ఆ పూటకు గండం గడిచినట్టు, నేను నిశ్చింతగా బడికి పోవచ్చు. పడితే ఒంట్లో నీరు చేరుతున్నట్టు. నాయన మంచం మీద కూర్చుని, పరీక్ష రాసిన పిల్లాడు మాస్టారి మొహం చూసినట్టు నా మొహం చూసేవాడు.

"ఏమన్నా పడిందాప్పా?" అని అడిగేవాడు. కన్న కూతుర్ని "అప్పా" అనడం ఏమిటని బయటివాళ్లకు నవ్వు రావచ్చు. మా వైపు అది మామూలే. భయమేసినప్పుడు నాయన నన్ను అట్లాగే పిలిచేవాడు.

ఆయన మూత్రపిండాలు సగానికి పైగా పాడైపోయాయని అనంతపురంలో డాక్టరు చెప్పి అప్పటికి కొన్ని నెలలయింది. బీపీ ఎన్నేళ్లుగా ఉందో ఎవరికీ తెలియదు, ఎవరు చూపించుకున్నారు గనక. పథ్యం గట్టిగా పాటిస్తే డయాలసిస్ లేకుండా చాలాకాలం నెట్టుకు రావచ్చనీ, పాటించకపోతే తన చేతుల్లో ఏమీ లేదనీ డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. డయాలసిస్ అంటేనే నాయనకు వణుకు. మాకు తెలిసిన ఒకాయన వారానికి రెండు మూడు సార్లు ఆస్పత్రికి పోయి గంటల తరబడి ఆ మెషిన్ పక్కన పడుకుని వస్తుంటాడు. ఆయన్ను చూసి వచ్చిన రోజు నాయన అన్నం ముట్టలేదు. "మనిషిని బోరు మాదిరి పైపులేసి తోడతాండారు. నన్ను మాత్రం ఆడికి తీసకపోవద్దండి," అన్నాడు. ఆ మెషిన్ దాకా ఆయన్ను పోనివ్వకూడదు, ఆ ఏడు మా ఇంట్లో ఉన్న పనల్లా అదొక్కటే.

నేను గార్లదిన్నె దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. మా ఆయనది గుంతకల్లులో రైల్వే ఉద్యోగం, సెలవు దొరికినప్పుడు వచ్చి పోతుంటాడు. బడి దగ్గర కాబట్టి నేను అమ్మా నాయనల దగ్గరే ఉంటాను. కాబట్టి పథ్యం బాధ్యత నా నెత్తిన పడింది. నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. దానికి తోడు సైన్సు టీచర్ని. ఈ మూడూ కలిసిన మనిషి ఇంట్లో పథ్యం పెట్టిస్తుంటే ఆ ఇల్లు ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి.

డాక్టరు వద్దన్న వాటిలో మొదటిది ఉప్పు. రెండోది బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు. ఉప్పు మానమన్నప్పుడు నాయన తల ఊపాడు. బుడ్డలు మానమన్నప్పుడు మాత్రం డాక్టరుకు మతి సరిగ్గా ఉందా అన్నట్టు నా వైపు తిరిగి చూశాడు. పుట్టినప్పటినుంచీ ఆయన పండించింది బుడ్డలు, తిన్నది బుడ్డలు. సంగట్లోకి ఊరుబిండి, అంటే బుడ్డల పచ్చడి, వంకాయలో బుడ్డల పొడి, పొలం పోయేటప్పుడు తువ్వాలు కొసలో పిడికెడు వేయించిన పప్పు. వానలు మోసం చేసిన ఏళ్లలో కూడా తిండికిన్ని కాయలు మిగిలేవి. ఆయన ఒంట్లో ఉన్న బలమంతా వాటిదేనని ఆయన నమ్మకం. నిజానికి నా నమ్మకమూ అదే.

"బలమిచ్చే తిండే చెరుపు చేస్తాదా సార్?" అని డాక్టరునే అడిగాడు నాయన.

"బలమే పెద్దాయనా. బాగున్నవాళ్లకు బలం. నీ కిడ్నీలు ఆ బలాన్ని మోయలేవు," అన్నాడు డాక్టరు.

అది కోతల కాలం. చెట్లు పెరికి, కాయలు కోసి, వాకిట్లో ఎండబోసి ఉన్నాయి. వాన సరిగ్గా లేక పంట తక్కువే అయినా ఇల్లంతా పచ్చి మట్టి వాసన, ఎండుతున్న కాయల వాసన. వచ్చిన వాళ్లంతా మాట్లాడుతూ మాట్లాడుతూ చేతికందిన కాయ ఒలిచి నోట్లో వేసుకునేవాళ్లు. నాయన ఒక్కడే ఆ కుప్ప పక్కన చేతులు కట్టుకుని కూర్చునేవాడు. నేను బడికి పోతూ ఆయన వైపు ఒక చూపు, అమ్మ వైపు ఒక చూపు చూసి మరీ పోయేదాన్ని. ఇద్దరికీ ఆ చూపంటే ఒళ్లుమంట.

కూరగాయల దగ్గర ఇంకో తంటా వచ్చింది. ముక్కలు తరిగి, బోలెడు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ వేరే నీళ్లలో ఉడికించి, అవి కూడా పారబోసి, అప్పుడు వండమన్నారు. అట్లా చేస్తే, పాడైన కిడ్నీలు బయటికి పంపలేని పొటాషియం కూరలో తగ్గుతుంది. సంగతి బాగానే ఉంది. కానీ మా ఇంట్లో ఏ నీళ్లు ఎక్కడికి పోవాలో ఎప్పుడో తేలిపోయి ఉంది. బియ్యం కడిగిన నీళ్లు ఎనుముకు, అంటే గేదెకు. చేతులు కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు. పప్పు ఉడికిన నీళ్లు, అంటే కట్టు, చారుకు. కొళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని ఊళ్లో, బోరు ఎండాకాలం మొదట్లోనే చేతులెత్తేసే ఊళ్లో, పారబోయడం అనే మాటకు చోటు లేదు.

అమ్మకు ఆ సంగతి నేర్పింది నాయనే. అమ్మ గోరంట్ల వైపు నుంచి కోడలిగా వచ్చింది. వాళ్ల పుట్టింట్లో అప్పట్లో బావి నిండుగా ఉండేదట, నీళ్ల కరువు తెలియకుండా పెరిగింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు పప్పు ఉడికించి, కట్టు తీసుకెళ్లి వాకిట్లోకి వంచేసింది. నాయన పొలం నుంచి వచ్చి తడి నేల చూశాడు. చుట్టాలంతా ఉండగానే, "నీళ్లు వంచే చెయ్యి ఈ ఇంట్లో వద్దు. ఇంగొకసారి వంచితే ఆ చేత్తోనే మూట సర్దుకోని మీ ఊరికి పో," అన్నాడట. అమ్మ ఈ కథ మాకు చాలాసార్లు నవ్వుతూనే చెప్పింది. కానీ ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆమె చేతిలోంచి చెంబుడు నీళ్లు ఊరికే నేల మీద పడగా నేను చూడలేదు.

అందుకని నానబెట్టిన నీళ్లు కూడా ఎనుముకే పోసేది. అక్కడికి బాగానే ఉండేది గానీ, అన్నేసి నీళ్లు ఎక్కడినుంచి తేవాలి? కొళాయి రాని రోజుల్లో కూర మానేసి నాయనకు ఉత్త మజ్జిగన్నం పెట్టేది. అది కూడా కొలిచి పెట్టాలి. మనిషి చిక్కిపోయాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. అమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుంటూ, "బుడ్డలు ల్యాక, కూర ల్యాక ఎట్ల నిలబడతాడమ్మా మనిషి?" అనేది. నేను ఆమె మీదే విసుక్కునేదాన్ని.

అప్పుడు వచ్చాయి డబ్బాలు. మా తమ్ముడు బెంగళూరులో ఒక పెద్ద సరుకుల అంగడి గోదాములో పని చేస్తాడు. అట్టపెట్టెలు నలిగిన సరుకును పనివాళ్లకు తక్కువకు ఇస్తారు. వాడు ఆదివారం వస్తూ ఒక పెట్టె నిండా బీన్సు డబ్బాలు తెచ్చాడు. రేకు డబ్బాలు, పైన పచ్చని బీన్సు కాయల బొమ్మ. అమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టి ఊపి చూసింది.

"నీళ్లుండాయి," అంది.

నేను డబ్బా తిప్పి వెనక రాసింది చదివాను. చదువుతుంటే నాకు ఉత్సాహం వచ్చింది. బడిలో పిల్లలకు చెప్పినట్టు అక్కడే పాఠం మొదలుపెట్టాను. ఒక పక్క పిడికెడు బుడ్డల పప్పు, ఒక పక్క ఈ డబ్బా. పప్పులో నాలుగో వంతు మాంసకృత్తులు, సగానికి దగ్గరగా నూనె, పొటాషియం, భాస్వరం దండిగా. డబ్బా బీన్సులో తొంభై పాళ్లు నీళ్లే. మాంసకృత్తులు పేరుకు మాత్రం, నూనె లేనే లేదు, పొటాషియం కొంచెం, అందులోనూ చాలా భాగం డబ్బా నీళ్లలోకి దిగిపోయి ఉంటుంది. మామూలు మనిషికి ఈ రెంటికీ పోలికే లేదు, బుడ్డల ముందు డబ్బా దిగదుడుపు. కానీ నాయనకు సత్తువ తక్కువున్నదే మంచిది. ఈ లెక్కన డబ్బాయే గెలిచినట్టు.

నాయన శ్రద్ధగా విన్నాడు. డబ్బా మీది కాయితం మీద వేలు పెట్టి, "దీనికైతే చీటీ అంటించినారు. ఇంత ఉండాది అంత ఉండాదని రాసినారు. నా బుడ్డకు చీటీ యాడుండాది? దాని తరపున చెప్పేవాళ్లు ఎవరు?" అన్నాడు.

"నేను చెప్పాను కదా నాయనా."

"నువ్వు దాన్ని ఒద్దనేకి చెప్తాండావు," అన్నాడు. తమ్ముడు పెద్దగా నవ్వాడు. నాయన నవ్వలేదు.

డాక్టరుకు ఫోన్ చేసి అడిగాను. నీళ్లు తీసేసి, ముక్కలు బాగా కడిగి వాడుకుంటే ఫరవాలేదన్నాడు. నేను వంటింట్లోకి పోయి అమ్మకు విడమరిచి చెప్పాను. "అమ్మా, డబ్బాలో ఉన్న కూరలోని సత్తువంతా ఆ నీళ్లలోకి దిగిపోయి ఉంటాది. ముక్కలు తీసి, మంచి నీళ్లతో బాగా కడిగి వండు. పైన ఉప్పు వెయ్యొద్దు." అమ్మ బుద్ధిగా తల ఊపింది. నానబెట్టే పని లేదు, రెండు సార్లు ఉడికించే పని లేదు, ఎక్కువ నీళ్లూ అక్కర్లేదు. కరువు ఊరికి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. డబ్బాలోని ఆ కాసిని నీళ్లు పారబోయమని మాత్రం విడిగా చెప్పలేదు. మా ఇంట్లో ఆ మాట ఎవరమూ అనము, నాకూ నోటికి రాలేదు.

కొన్నాళ్లు ఇంట్లో శాంతి. నాయన మధ్యాహ్నం భోజనం ఇష్టంగా చేస్తున్నాడని అమ్మ సంతోషంగా చెప్పింది. నాయన కూడా ఒకరోజు నాతో, "ఇన్నాళ్లకు మీయమ్మ చారు చారు మాదిరి ఉండాది," అన్నాడు. మధ్యాహ్నం పూట నేను బడిలో ఉండేదాన్ని కాబట్టి ఆ చారు చూసింది లేదు. నాయనకు వేరే చిన్న గిన్నెలో వండేవాళ్లం, మా కూరలు మావి. అమ్మ వండేటప్పుడు రుచి చూడదు. ఆయన తినకముందు నాలుక మీద వేసుకుంటే ఎంగిలి అని ఆమె పట్టింపు. తిండి సహించడం మంచి గుర్తే కదా అని నేను కూడా సంబరపడ్డాను.

తర్వాత ఒక పొద్దున వేలు నొక్కితే గుంట పడింది.

మరోసారి నొక్కి చూశాను. వేలు తీశాక కూడా ఆ గుంట అట్లాగే నిలిచింది. నాయన నా మొహం చూసి కాలు వెనక్కి లాక్కున్నాడు. "రాత్రంతా కాలు మడిచి పడుకున్న్యాలే, అందుకని," అన్నాడు. మందులు లెక్క చూశాను, సరిగ్గానే వేసుకున్నాడు. తాగే నీళ్లు కొలిచి పెట్టే చెంబు చూశాను, అదీ సరిగ్గానే ఉంది. ఉప్పు డబ్బా నా దగ్గరే పెట్టుకున్నాను. ఇంక మిగిలింది ఒకటే. వాకిట్లో కాయల కుప్ప.

ఆ రోజునుంచి ఇంట్లో నేను టీచర్ని కాదు, పోలీసును. నాయన లేచి వాకిట్లోకి పోతే నేనూ పోయేదాన్ని. ఆయన చేతులు చూసేదాన్ని, మాట్లాడించి నోరు చూసేదాన్ని. కాళ్ల వాపు రోజురోజుకూ పైకి పాకింది, చీలమండ నుంచి పిక్కకు. మెట్టు ఎక్కితే ఆయాసపడేవాడు. ఆస్పత్రికి పోదామంటే ససేమిరా అన్నాడు. పోతే మెషిన్ ఎక్కిస్తారని ఆయన భయం. ఆ మాట పైకి చెప్పడు, "కోతలు కానీ" అంటాడు.

ఒక సాయంత్రం ఆయన తువ్వాలు ఉతకడానికి తీసి దులిపితే గలగలమని బుడ్డల పొట్టు రాలింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇదేంది నాయనా?"

"ఇత్తనం కాయలు ఏరుతాండ్య. నాలుగు కాయలు ఒలిచి చూడకపోతే గింజ నిండిందో ల్యాదో ఎట్ల తెలుస్తాది?"

"ఒలిచిన గింజ ఏమైంది?"

"కోళ్లకేసినా."

"కోళ్లకా? నీ నోట్లోకి పోలేదా?"

నాయన మొహం ఎర్రబడింది. "నా నోరు నా ఇష్టం ల్యాదా ఇంట్లో? దొంగను అడిగినట్ల అడుగుతాండావు!" అని అరిచి, అరుపు మధ్యలోనే ఆయాసం వచ్చి, మంచం పట్టె పట్టుకుని కూలబడ్డాడు. అమ్మ మధ్యలోకి వచ్చి, "అయ్యో ఇడిచిపెట్టమ్మా, మీ నాయన అబద్ధం చెప్పడు," అంది. నేను వినలేదు. కూలి మనిషిని పిలిపించి కాయలన్నీ మూటలు కట్టించి, విత్తనం మూటతో సహా చిన్నాయన వాళ్ల ఇంటికి తోలించాను. విత్తనం మూట గడప దాటుతుంటే నాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక విత్తనం ఇంట్లో లేని రోజు అదే మొదలట, అమ్మ తర్వాత చెప్పింది.

ఇంట్లో ఒక్క బుడ్డ లేదు. అయినా వాపు తగ్గలేదు. అప్పుడన్నా నాకు అనుమానం రావాల్సింది. రాలేదు, ఎక్కడో దాచుకుని తింటున్నాడనే అనుకున్నాను. మంచం కింద కూడా వెతికాను.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల గంట తర్వాత బడికి అమ్మ ఫోన్ చేసింది. "మీ నాయనకు ఊపిరి ఆడల్యాదు, బిన్నా రామ్మా," అంది. నేను పరుగెత్తి ఇంటికి పోయేసరికి నాయన మంచం మీద ముందుకు వంగి కూర్చుని, నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటున్నాడు. పడుకోబెడితే ఇంకా ఎక్కువవుతోంది. ఆటో పిలిచి, ఒక పక్క నేనూ ఒక పక్క ఆటో అతని బావమరిదీ పట్టుకుని కూర్చోబెట్టి అనంతపురం తీసుకుపోయాం. హైవే మీద లారీలు మమ్మల్ని దాటిపోతుంటే నాయన నా చెయ్యి పట్టుకుని, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ, "మెషిన్... వద్దప్పా," అన్నాడు. నేను సరే సరే అన్నాను. ఆ నిమిషంలో ఏది అడిగినా సరే అనేదాన్ని.

ఆక్సిజన్ పెట్టారు. ఇంజెక్షన్లు ఇచ్చారు. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు చేరాయని డాక్టరు చెప్పాడు. బతుకంతా వాన కోసం మొత్తుకున్న మనిషికి లోపల నీళ్లెక్కువై ఊపిరాడటం లేదట. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

సాయంత్రానికి నాయన కాస్త తేరుకున్నాడు. డాక్టరు వచ్చి మంచం పక్కన నిలబడి, "ఏం తిన్నావు పెద్దాయనా? నిజం చెప్పు," అని అడిగాడు.

నాయన ఒకసారి నా వైపు చూసి, కళ్లు దించుకుని, "బుడ్డలు తిన్న్యా సార్. రోజూ పిడికెడు," అన్నాడు.

నేను అనుకున్నదే నిజమైనందుకు ఒక్క క్షణం నాకు ఊరట కలిగింది. మరుక్షణం ఆయన్ను నిలదీయాలనిపించింది. కానీ డాక్టరు రక్తపరీక్ష కాయితం చూస్తూ తల అడ్డంగా ఊపాడు. "రోజూ బుడ్డలు తింటే పొటాషియం ఇంతకన్నా పెరగాలి. అది పెద్దగా పెరగలేదు. ఇది బుడ్డల పని కాదమ్మా. ఇది ఉప్పు. బాగా ఉప్పు పోతోంది లోపలికి. ఎక్కడినుంచి పోతోందో కనుక్కోండి. ఇంకొకసారి ఇట్లా వస్తే నేను మెషిన్ తప్పించలేను," అన్నాడు.

నాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మరుసటి రోజు తమ్ముడు బెంగళూరు నుంచి వచ్చి నాయన దగ్గర కూర్చున్నాడు. బట్టలూ, ఉప్పు లేని భోజనమూ తీసుకురావడానికి నేను ఇంటికి పోయాను. దారి పొడుగునా ఉప్పు గురించే ఆలోచన. ఉప్పు డబ్బా నా అల్మారాలో ఉంది. ఊరగాయ జాడీలు అటక మీద ఉన్నాయి. పొరుగువాళ్లు ఎవరైనా పెడుతున్నారా? నేను గుమ్మంలోకి పోయేసరికి అమ్మ వంటింట్లో డబ్బా తెరుస్తోంది. ముక్కలు జల్లెడలో వేసింది, కడిగింది, మళ్లీ కడిగింది, నేను చెప్పినట్టే. డబ్బాలోని నీళ్లు మాత్రం ఒక గిన్నెలోకి వంచి, చింతపండు పక్కన జాగ్రత్తగా పెట్టింది.

"అవి ఎందుకమ్మా?"

"చారుకు. మీ నాయనకు."

నేను గిన్నెలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. ఈ మాత్రం ఉప్పుంటుందని డబ్బా మీద రాసే ఉంది, నేను చదివాను కూడా. అందుకే కదా కడగమన్నది.

"రోజూ దీంతోనే పెడతాండావా?"

"దీంతోనే. కట్టే కదమ్మా ఇది. సత్తువంతా నీళ్లల్లోకి దిగిపోయుంటాదని నువ్వే చెప్తివి కదా. ముక్కల్లో ఏమీ ల్యాదంటివి. మనిషి చూస్తే పుల్ల మాదిరి అయిపోయినాడు. బుడ్డలు పెట్టనియ్యవు. ఆ సత్తువ కూడా పారబోస్తే దేంతో నిలబడల్ల ఆ మనిషి?" ఆమె చెబుతూ చెబుతూ నా మొహం చూసి ఆగిపోయింది. "ఏమైందమ్మా? అట్ల చూస్తాండావేం?"

చెప్పకుండా ఉండే మార్గం లేదు. వీలైనంత మెల్లగా చెప్పాను. అందులో ఉప్పుందని, ఆ ఉప్పే కాళ్లలోకి, ఛాతీలోకి నీళ్లు లాగిందని. అమ్మ గిన్నె వైపు చూసింది, తన చేతుల వైపు చూసుకుంది. పొయ్యి ముందు అట్లాగే చతికిలబడింది.

"నేనే పోసినానా?" అంది. "నా చేత్తో నేనే పోసినానా?"

"తెలియక చేశావమ్మా. నేను సరిగ్గా చెప్పలేదు," అన్నాను. ఆమెకు వినపడలేదు. చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అమ్మ అట్లా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు చేతనైన పాఠాలేవీ అక్కడ పనికి రాలేదు, పక్కన కూర్చుని వీపు నిమరడం తప్ప.

ఆస్పత్రికి తిరిగి పోయాక, తమ్ముణ్ణి టీ తాగి రమ్మని పంపి, నాయన చెవి దగ్గర వంగి జరిగింది చెప్పాను.

"చారులో ఉప్పు తగల్తాందని నాకు మొదటి పొద్దే తెలిసె," అన్నాడు ఆయన.

"తెలిసి ఎందుకు తాగావు? నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీయమ్మ చాటుగా చిటికెడు ఏస్తాందనుకున్న్యా. నా మొగం చూడల్యాక. నీతో చెప్తే నువ్వు ఆయమ్మను బతకనిస్తావా? తువ్వాల్లో పొట్టు చూసినందుకే అంత గలాటా చేస్తివి."

"అందుకని బుడ్డలు తిన్నానని డాక్టరుకు చెప్పావా?"

"బుడ్డలకు నోరు ల్యాదు గదప్పా," అన్నాడు నాయన.

నేను బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను. నా కోపం మీద నాకు ఎప్పుడూ కొంత గర్వం ఉండేది, అది లేకపోతే ఈ ఇల్లు నడవదని. ఆ కోపానికి భయపడి ఒక మనిషి రోజూ ఉప్పు తాగాడు, అదీ భార్య ప్రేమనుకుని. ఆమేమో తాను పోస్తున్నది సత్తువ అనుకుంది. ఇద్దరి మధ్యా నేను డబ్బా మీద చీటీ చదువుతూ నిలబడ్డాను. సిగ్గేసింది.

మెషిన్ ఈసారికి తప్పింది. కాళ్ల వాపు దిగింది, నాయన ఇంటికి వచ్చాడు. విత్తనం మూటను నేనే పోయి తెప్పించి ఇంట్లో యథాస్థానంలో పెట్టించాను. నాయన దాని మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి, పోయి పడుకున్నాడు. అమ్మ మాత్రం వంటింట్లోకి రావడం మానేసింది. ఎనుము పని చూసుకునేది, వాకిలి ఊడ్చేది, నాయన తినే గిన్నెను మాత్రం ముట్టేది కాదు. బడికి పోయేముందు నేను వండిపెట్టి పోయేదాన్ని. నా వంట నాయన కిమ్మనకుండా తిన్నాడు, అది ఎట్లా ఉండేదో నాకు తెలుసు.

ఒక ఆదివారం పొద్దున నాయన మంచం మీంచి లేచి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "ఈ పొద్దు మీయమ్మ వండితేనే తింటా," అన్నాడు. అమ్మ వద్దు వద్దంది. ఆయన కదల్లేదు. చివరికి ఆమె డబ్బా తీసి తెరిచింది, ముక్కలు జల్లెడలో వేసింది. నీళ్లు గిన్నెలోకి దిగాయి. ఆ గిన్నె రెండు చేతులతో పట్టుకుని ఆ నీళ్లు ఎక్కడ పోయాలో తెలియనట్టు నిలబడిపోయింది. ఎనుముకు పోయాలంటే ఉప్పు. చెట్టుకు పోయాలంటే ఉప్పు. వాకిట్లోకి నడిచింది. గిన్నె వంచబోయి ఆగింది. మళ్లీ వంచబోయి ఆగింది. నేను పోయి తీసుకుందామనుకుంటే నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

గోడ పట్టుకుని మెల్లగా నడిచి ఆమె పక్కకు పోయాడు. ఎప్పుడో కొత్త కోడలిగా ఆమె కట్టు వంచిన చోటు అదేనేమో, నాకు తెలియదు. వాళ్లిద్దరికీ తెలిసి ఉండాలి, ఆమె నేల చూస్తోంది, ఆయన ఆమెను చూస్తున్నాడు.

"వంచమే," అన్నాడు నాయన. "నేనేమీ అననులే."

అమ్మ గిన్నె వంచింది. ఎండిన నేల ఆ నీళ్లను అక్కడికక్కడే పీల్చేసుకుంది. ఆ తడి ఆరేదాకా నాయన అక్కడే నిలబడి చూశాడు, ఏమీ అనలేదు.